పులుసు పడని కంచం

కూటం 341. ఎండాకాలం, తొమ్మిదో నెల.

పొద్దున్నే గాలి జల్లెడ విప్పి దులిపాను. దోసెడు ఎర్రమట్టి రాలింది. పైన దుమారం లేచినట్టుంది. రాతి కింద ఇంత లోతున దాక్కుని బతుకుతున్నా ఆ దుమ్ము పిలవని చుట్టంలా దిగిపోతుంది. జల్లెడ బిగించి, గది గోడ మీద గాలి మంచిచెడ్డలు చెప్పే దీపం ఆకుపచ్చగా వెలుగుతోందో లేదో చూసుకుని, కొర్ర సంగటికి ఎసరు పెట్టాను.

అందరం కూర్చుని తింటూ వాదించుకునే ఈ గది నడిపేవాళ్ళు ప్రతి కూటానికీ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని ఊరి నియమం. నాలుగు ముక్కలతో ఆపడం నాకు చేతకాదని కూడా ఊరందరికీ తెలుసు.

ఈరోజు చౌడప్ప మామ మనుషులకు మోకాళ్ళు అనవసరమని వాదించాడు. నమ్మి వాదించలేదు, పుట్టగొడుగుల పులుసు కోసం వాదించాడు. మా గదిలో ఉన్నది ఒకటే గరిటె. ఎవరి మాటనైనా కాదనాలంటే ముందు లేచి గరిటె తీసుకోవాలి, వాళ్ళ కంచంలో పులుసు పోయాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. చేత్తో అన్నం పెట్టాక నోటితో మరీ కర్కశంగా తిట్టలేరని మొదట్లో ఈ గది నడిపిన ఓబులమ్మత్త పెట్టిన పద్ధతి. మాట నచ్చితే ఎవరూ లేవరు, చెప్పినవాళ్ళు ఉత్త సంగటి తిని లేస్తారు. అందుకే మా ఊళ్ళో పులుసుకు కొదవ లేనిది తిక్క మాటలు మాట్లాడేవాళ్ళకు. మొగుడూ పెళ్ళాలైతే ఒకరి కంచంలో ఒకరు పోయడానికి ఉత్తుత్తి గొడవలు పెట్టుకుంటారు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను.

మామ కంచం నిండింది. మోకాళ్ళ మీద లేచి నిలబడలేక ఇద్దరి సాయం తీసుకున్నాడు.

రేపు సొరంగం బండిలో ఒక కొత్తమనిషి వస్తోందట. పేరు నూకరత్నం. సముద్రం మింగేసిన కాకినాడ వైపు నుంచి, పడవల్లో బతికేవాళ్ళ దగ్గర్నుంచి. పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. ఉప్పుగాలికి ఊపిరితిత్తులు చెడిపోయాయి, మా డాక్టరమ్మ మాబున్నీ పిలిస్తే వస్తోంది. ఇంకొక్క వానాకాలం ఆ గాలి పీలిస్తే మనిషి దక్కదని మాబున్నీ నాతో గట్టిగానే చెప్పింది.

ఉండాలా, పోవాలా అన్నది మాత్రం ఆమే చెప్పాలి. వచ్చే వారం బండి తిరిగి వెళ్ళే రోజు దాకా మాతో కలిసి కూర్చుంటుంది, ఆ రోజు తన మాట చెబుతుంది. ఉండమని ఎవరూ బతిమాలకూడదు. వెనకటికి అలా బతిమాలితే ఒకాయన మొహమాటానికి ఒప్పుకుని నాలుగేళ్ళు ఏడుపు మొహంతో తిరిగాడు. అప్పట్నుంచి ఆ నియమం.

కూటం 342.

వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతులకు గ్రీజు మరకలతో ఉంది. నవ్వితే ఎవరికైనా నచ్చే మొహం. ప్రతి మాటకూ చివర "అండి" తగిలిస్తుంది. మా చౌడప్ప మామను కూడా "గారు" అన్నది. డెబ్భై ఏళ్ళలో ఆ గౌరవం ఎరగని మామ వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశాడు.

ఆమె రాకముందే అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాను. మనిషి అలిసిపోయి వస్తోంది, ఊరు మునిగిపోయి వస్తోంది, మన మొండి నోళ్ళు ఆమె మీద పారేసుకోవద్దు, ఆమె ఏం చెప్పినా కొన్నాళ్ళు కాదనవద్దు అన్నాను. అందరూ సరేనన్నారు. ఇంత మంచి ఆలోచన నాకెలా వచ్చిందా అని నాకే ముచ్చటేసింది.

ఆమెకు గది పద్ధతి కూడా చెప్పాను. కొత్త మాట ఎవరైనా ఎత్తవచ్చు, ఆ తర్వాత గరిటె చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి, దీపం పసుపైతే గొంతు తగ్గించాలి, ఎరుపైతే మళ్ళీ ఆకుపచ్చ అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు అని. మూసిన గదిలో ఆవేశపడితే గాలి తొందరగా బరువెక్కుతుంది, ఆ ముచ్చట పడవ మనిషికి తెలియదు కదా. మిగతాది చూస్తూంటే తెలిసిపోతుందనుకున్నాను.

మొదటిరోజే ఆమె మాట ఎత్తింది. మూడో అంతస్తు నీళ్ళ పంపు మిట్టమధ్యాహ్నం నడపకూడదట, మోటారు వేడికి అరిగిపోతోందట. మధ్యాహ్నం ఆపేసి, తెల్లవారుజామున బ్యాటరీ మీద నడపాలట. అందరూ తలలూపారు. ఎవరూ గరిటె ముట్టుకోలేదు. చౌడప్ప మామ తన చెయ్యి తనే పట్టుకుని కూర్చున్నాడు, పాపం.

దీపం చివరిదాకా ఆకుపచ్చగానే ఉంది. నేను నడిపిన కూటాల్లో ఇంత మర్యాదైనది ఇంకోటి లేదు.

కూటం 344.

నూకరత్నం సరిగ్గా తినడం లేదు. రోజూ ఉత్త సంగటి, మంచినీళ్ళు. ఇంకొంచెం పెట్టమంటావా అని అడిగితే "చాలండి, ఆయ్" అంటుంది. పులుసు రుచించడం లేదేమోనని నిన్న వంకాయ పులుసు పెట్టాను, ఈరోజు ఉలవచారు కాచాను. కోస్తావాళ్ళకు ఉలవచారంటే ప్రాణమని ఎవరో చెప్పారు. గిన్నె మూత తీయగానే ఆమె ముక్కుపుటాలు అదిరాయి. నేను చూశాను. అయినా ఉత్త సంగటే తిని లేచింది.

గది బయట మాత్రం నాకు ఊపిరి సలపడం లేదు. పంపు ముచ్చట ఒక్కరికీ నచ్చలేదు. ఒక్కొక్కరే వంటింట్లోకి వచ్చి నా చెవిలో పోసి పోతున్నారు. మధ్యాహ్నం నీళ్ళాగితే పై అంతస్తు ముసలివాళ్ళు బిందెలు మోయాలంటారు ఒకరు, ఎండ ఉన్నప్పుడు కాక కరెంటు ఇంకెప్పుడు వాడతాం అంటారు ఇంకొకరు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. కానీ కొత్తమనిషి కదా అని అందరికీ సర్దిచెప్పి పంపాను.

రేపు చింతచిగురు దొరుకుతుందేమో పైతోట వాళ్ళను అడగాలి.

కూటం 345.

ఈరోజు జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు.

చౌడప్ప మామ దోమల్ని మెచ్చుకుంటూ ఏదో మొదలుపెట్టాడు. ఎవరూ లేవకముందే నూకరత్నం లేచి గరిటె తీసుకుంది. మామ కంచంలో పులుసు పోసింది. మామ సంబరంగా చెవులు నిక్కించాడు. ఆమె మాట్లాడలేదు. పక్కనున్న మాబున్నీ కంచంలో పోసింది. ఆ పక్కన ఆమె మొగుడికి పోసింది. అలా గది చుట్టూ తిరిగి, నోరైనా విప్పని వాళ్ళతో సహా, ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చి, ఆఖరికి నా కంచంలో కూడా పోసింది. గదిని నడిపేదాన్ని, నన్ను కూడా కాదన్నది.

తర్వాత నోరు తెరవబోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. గరిటె గిన్నెలో పెట్టేసి వెళ్ళి కూర్చుంది. అంతే.

మా గదిలో కాదనవచ్చు. కాదని, ఎందుకో చెప్పకుండా కూర్చోవడం మాత్రం ఎవరూ ఎరగరు. ఎవరూ అరవలేదు, అయినా దీపం పసుపుకు తిరిగింది, అందరి ఊపిరీ అంత బరువెక్కింది. చౌడప్ప మామ సాయంత్రం నా దగ్గరికొచ్చి దిగులుగా కూర్చున్నాడు. తన మాటల్లో ఏది ఆమెకు అంత తప్పనిపించిందో తేలడం లేదట. మోకాళ్ళ దగ్గర్నుంచి దోమల దాకా అన్నీ తిరగేసుకున్నాడట.

"చెప్తే దిద్దుకుంటా కదా సుంకమ్మా. చెప్పకనే పాయె" అన్నాడు.

దారిలో ఆమె కనబడితే ఏమైందమ్మా అని అడిగాను. "ఏం లేదండి" అంది నవ్వుతూ. బండి ఎప్పుడొస్తుందని అడిగింది.

కూటం లేని రోజు.

మనసాగక పంపు గదికి వెళ్ళాను. నూకరత్నం మోటారు పక్కన నేల మీద కూర్చుని బోల్టులు విప్పుతోంది. నేనూ కింద కూర్చున్నాను. మా అందరినీ ఎందుకు కాదన్నావని సూటిగా అడిగేశాను. ఆమెకు అర్థం కాలేదు. నేను రెండోసారి అడిగితే పానా పట్టుకుని అలాగే నా మొహంలోకి చూసింది.

"కాదనడమేంటండి? మీ ఊళ్ళో ఎవరితో మాట్లాడాలనిపిస్తే వాళ్ళకి పులుసు పోస్తారనుకున్నాను. ఇన్నాళ్ళూ నాకెవరూ పొయ్యలేదు. మా పడవల్లో ఆకు ముందు కూర్చున్న మనిషి చెయ్యి చాచి వడ్డించుకోదండి, తప్పు. అందుకని ఉత్తదే తిన్నాను. ఆఖరికి నేనే లేచి అందరికీ పోసేను. మీ అందరితోనూ మాట్లాడాలనుందని చెబుదామనుకున్నాను. దగ్గొచ్చేసింది."

నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఇందుకా ఆ మనిషి ఉలవచారు ముందు కూర్చుని ఉత్త సంగటి మింగింది. గబగబా గరిటె సంగతంతా విప్పి చెప్పాను. నేను అందరికీ చేసిన హెచ్చరిక కూడా చెప్పాను. గట్టెక్కాం, ఇక నవ్వేస్తుంది అనుకున్నాను.

ఆమె నవ్వలేదు. పానా కింద పెట్టింది.

"పంపు గురించి నేను చెప్పింది మీకు నచ్చిందాండి?" అంది.

లేదన్నాను. మరి ఎవరికి నచ్చిందని అడిగింది. ఎవరికీ నచ్చలేదని చెప్పక తప్పలేదు.

"అందరూ తలలూపేరు కదండి. పులుసు పొయ్యకపోతే నేనంటే గిట్టదేమోననుకున్నాను. గిట్టకపోతే ఏం చేస్తాం, అది మన చేతిలో ఉందా. ఇది అలాక్కాదు. నాకు మాత్రం ఎదురు చెప్పకూడదని మీరంతా కలిసి అనుకున్నారు. నేనేమైనా పసిపిల్లనాండి? లేకపోతే ఎలాగూ పోయే ప్రాణం కదా అనుకున్నారా?"

ఆమె మళ్ళీ బోల్టుల పనిలో పడింది. బండి రాగానే వెళ్ళిపోతానని మెల్లగా, మర్యాదగా, అండీలతో సహా చెప్పింది.

కూటం 346.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. పంపు గదిలో విన్నదంతా అందరికీ చెప్పి, ఇక మొహమాటపడకండి, ఆమెతో మామూలుగా ఉండండి అన్నాను. మామూలుగా ఉండమంటే ఎవరికి చేతనవుతుంది?

నూకరత్నం కూర్చుంటూ ఈరోజు ఉక్కగా ఉందండి అంది. అంతే, చౌడప్ప మామ గరిటె మీద పడ్డాడు. ఆమె కంచంలో పులుసు పోసి, ఉక్క యాడుందమ్మా, నాకైతే వణుకొస్తాంది అని భుజం మీద తువ్వాలు కప్పుకున్నాడు. చెమట మాత్రం ఆయన గడ్డం మీంచి కారుతోంది. వెనకే మాబున్నీ మొగుడు లేచాడు, ఉక్క కాదు, వేడి అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. వాతావరణం మీద అంత భేదాభిప్రాయం ఈ రాతి కింద ఎప్పుడూ రాలేదు. ఎండా, చలీ రెండూ పైనే ఉన్నాయి, మాకు రెండూ లేవు.

ఆమె కంచం అంచుదాకా నిండింది. అందరి మొహాలూ ఒకసారి చూసింది.

"సుంకమ్మగారు నేర్పి పంపేరాండి?" అంది.

ఆమె కంచంలో ఒక్క చుక్క వదలకుండా తిన్నది. పారబోయడం ఆమెకు రాదు. తిని, కంచం కడిగి బోర్లించి, వెళ్ళొస్తానని అందరికీ చెప్పి పోయింది. ఒక మనిషిని ఇంత మర్యాదగా నొప్పించడం కూడా సాధ్యమేనని నాకు ఈ వయసులో తెలిసింది. సిగ్గుగా ఉంది.

కూటం 347.

బండి వచ్చింది. పొద్దున్నే సామాన్లు దింపారు. మధ్యాహ్నం కూటం అయ్యేసరికి తిరిగి బయల్దేరుతుంది. నూకరత్నం సంచి గది గుమ్మం పక్కనే పెట్టుకుని వచ్చి కూర్చుంది. మాబున్నీ రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వైద్యం చేసే మనిషికి కూడా ఉండమని అడిగే హక్కు లేదు.

నూకరత్నమే మాట ఎత్తింది. అందరూ బాగా చూసుకున్నారని, పంపుకు కొత్త బేరింగులు వేశానని, ఎవరి మీదా కోపం లేదని చెప్పింది. తన ఊపిరికి ఉప్పుగాలి అలవాటేనని, వానాకాలం ఎలాగో గట్టెక్కుతానని, కాబట్టి తను వెళ్ళడమే అందరికీ మంచిదని చెప్పింది.

అందరూ కంచాల్లోకి చూస్తున్నారు. నేనూ చూశాను. సంగటి ముద్ద చల్లారిపోతోంది. వచ్చే ఏడాది ఇదే వేళకు ఆమె ఉండదు కదా అనిపించింది. ఇక్కడ లేకపోవడం కాదు, అసలు లేకపోవడం. నా ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు, ఆమె మీదా, నా మీదా.

గదిని నడిపేవాళ్ళు గరిటె పట్టకూడదు. పట్టిన రోజుతో ఆ పని పోతుంది. పట్టాను. సగం పులుసు ఆమె కంచంలోనూ సగం చాప మీదా పడింది.

"ఉండమని అడగడంలే. అడక్కూడదు, నాకు తెల్సు" అన్నాను. "నువ్వు చెప్పింది తప్పంటాండా. మా మీది కోపాన్ని తీస్కపోయి నీ ఊపిరితిత్తుల మీద తీర్చుకుంటానంటే అది పౌరుషం కాదు, తిక్క. అందరికీ మంచిదంట. ఎవరినడిగి చెప్పినావు ఆ మాట? నాకు మంచిది కాదు. ఇంగోటి చెప్తా విను. నీ పంపు లెక్క కూడా తప్పే. తెల్లారుజామున బ్యాటరీ అంతా పంపుకే పెడితే పిల్లోళ్ళు పండుకునే గదుల్లో ఫ్యాన్లు దేంతో తిరగాల? ఆ పొద్దే అనాల్సింది. నీకు బాధైతాదని మింగినానని అనుకున్న్యా ఇన్నాళ్ళూ. కాదు. నా గది మర్యాదగా ఉందని అనిపించుకోవాలని మింగినా."

నూకరత్నం మొహం ఎర్రబడింది. ఆమె మొహంలో అండీ గిండీ ఏమీ కనబడలేదు. లేచి వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది. నా కంచంలో కాదు, దాదాపు నా మీదే పోసింది.

"ఫ్యాన్లకెంత కావాలో మీకు తెలుసా? ఎప్పుడైనా కొలిచేరా? నేను కొలిచేను. మోటారు తగలడిపోతే పిల్లలకి తాగడానికి ఏం పోస్తారు, ఫ్యాను గాలా? ముసలోళ్ళు బిందెలు మొయ్యాలని నాతో ఎవరన్నా చెప్పేరా? చెప్తే అప్పుడే గొట్టం వేసిచ్చేదాన్ని కదా. నోరుండి ఎవరూ..."

అక్కడ చౌడప్ప మామ గరిటె లేకుండానే అరిచేశాడు, పంపు ఆగితే తన సొర పాదు ఎండిపోతుందని. మాబున్నీ అంతకన్నా గట్టిగా అరిచింది, బిందెలు కాదు, పాదు కాదు, ముందు ఈమె ఊపిరి సంగతి చూడండని. దానికి మామ జవాబు, ఆ జవాబుకు ఇంకొకరి జవాబు. దీపం పసుపైంది, ఎవరూ చూడలేదు. ఎరుపైంది.

ఎరుపైతే ఆగాలి. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పంకా ఒక్కటే గిరగిరా తిరుగుతోంది. గరిటె నూకరత్నం చేతిలోనే ఉంది. దీపం తెరిపిన పడేదాకా ఆమె కూడా మాట్లాడకూడదు. రొమ్ము ఎగిసిపడుతోంది, మాట గొంతులోనే ఉంది.

అప్పుడు సొరంగంలోంచి బండి కూత వినబడింది. మొదటి కూత.

అందరం ఆమె వైపు చూశాం. నేను గుమ్మం వైపు చెయ్యి చూపించాను. వెళ్ళాలనుకుంటే ఆపేవాళ్ళం కామని చెప్పాలి కదా, మాట లేకుండా అంతకన్నా ఎలా చెప్పను. చెయ్యి చూపిస్తూనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి, దాచుకోలేదు.

ఆమె తన సంచి వైపు చూసింది. దీపం వైపు చూసింది. ఇంకా ఎరుపే. రెండో కూత వేసింది. ఆమె గుమ్మం దాకా నడిచి సంచి అందుకుంది. నేను గోడకు ఆనుకున్నాను. ఆమె గుమ్మం దాటలేదు. గుమ్మానికి అడ్డంగా ఉందని కాబోలు సంచిని కాలితో లోపలికి నెట్టి, తిరిగి వచ్చి నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. గరిటె రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నా మీద ఇంకా కోపంగానే ఉంది.

బండి కదిలిన చప్పుడు రాతిలోంచి పాదాలకు తెలిసింది. అది సన్నగిల్లి ఆగిపోయేదాకా ఎవరూ కదలలేదు. ఎరుపు పసుపైంది. పసుపు ఎంతసేపు ఉందో నేను చెప్పలేను, ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. రేపట్నుంచి గది ఎవరు నడపాలో ఊరు తేల్చుకుంటుంది, ఈ ముక్కలు రాయడం నాకు ఇదే ఆఖరు. దానికి ఇంత సంతోషంగా ఎవరైనా ఉంటారా అని మీరనుకోవచ్చు. ఉన్నాను.

దీపం ఆకుపచ్చగా మారింది. నూకరత్నం గొంతు సవరించుకుంది.

"బ్యాటరీ గురించి మీరన్నది తప్పండి" అంది. "మొత్తం తప్పు. కూర్చోండి, చెప్తాను."

నేను కూర్చుని కంచం ఆమె వైపు జరిపాను.